పుట్టగానే ఏడవని బిడ్డకు షుగర్, కాల్షియం, సోడియం ఒకదాని వెనక ఒకటి ఎందుకు పడిపోతాయి?

పత్తికొండ వైపు పల్లె నుంచి ఒక మేనమామ అడిగిన ప్రశ్న ఇది. కొంచెం కుదించి ఇస్తున్నాను: "మా అక్కకు మొదటి కాన్పు. నొప్పులు ఒక రోజంతా పడింది. పాప పుట్టగానే ఏడవలేదు, బ్యాగుతో అయిదారు నిమిషాలు గాలి కొట్టాక ఏడ్చింది. బరువు 2.8 కిలోలు. 108లో కర్నూలు తెచ్చాం, ఎస్‌ఎన్‌సీయూలో (జబ్బుపడ్డ పసిబిడ్డల ప్రత్యేక విభాగం) పెట్టారు. మొదటి రోజు షుగర్ 32 అన్నారు. రెండో రోజు కాల్షియం 6.4 అన్నారు. ఇవాళ మూడో రోజు, సోడియం 124 అంటున్నారు. ఇంత చిన్నబిడ్డకు షుగర్ వ్యాధి వస్తుందా? షుగర్ ఉన్న బిడ్డకు మళ్ళీ గ్లూకోజ్ ఎందుకు ఎక్కిస్తున్నారు? ఉప్పు తగ్గిందంటే రెండు చుక్కలు ఉప్పునీళ్ళు పట్టించొచ్చా? పాలు కూడా సరిగా ఇవ్వట్లేదు. హైదరాబాద్ తీసుకుపోదామా?"

తమ్ముడూ, అన్నిటికన్నా ముందు ఇది చదవండి. ఉప్పునీళ్ళు పట్టించొద్దు. ఓఆర్‌ఎస్ వద్దు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు తేనె నాకిద్దామనో, ఆముదం చుక్క వేద్దామనో అంటారు, అదీ వద్దు. లోపల సిస్టర్ చూడకుండా వేలికి తేనె రాసుకుని పాప నోట్లో పెట్టిన అవ్వలను నేను చూశాను. ప్రేమతోనే చేస్తారు, కాదనను. కానీ ఇలాంటి బిడ్డకు మింగడం, ఊపిరి తీసుకోవడం రెండూ ఒకేసారి కుదరవు, ఆ చుక్క ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పైగా తేనెతో ఏడాది లోపు పిల్లలకు బొట్యులిజం అనే జబ్బు వచ్చే ప్రమాదం వేరే ఉంది.

ఇక షుగర్ సంగతి. మనవాళ్ళు "షుగర్ వచ్చింది" అంటే అది ఎక్కువయ్యే జబ్బు. మీ పాపకు జరిగింది దానికి పూర్తిగా ఎదురు, రక్తంలో చక్కెర తగ్గిపోయింది. అందుకే గ్లూకోజ్ ఎక్కిస్తున్నారు. డాక్టరు "షుగర్ డౌన్" అని హడావిడిగా చెప్పి వెళ్ళిపోతే బయట కూర్చున్నవాళ్ళకు "షుగర్" ఒక్కటే చెవిలో పడుతుంది. ఇందులో మీ తప్పేమీ లేదు.

ఎందుకు తగ్గిందో మన ఊరి లెక్కలో చెబుతాను. కడుపులో ఉన్నన్నాళ్ళు బిడ్డకు చక్కెర మాయ ద్వారా తల్లి రక్తం నుంచి వస్తూనే ఉంటుంది, కాలువ నీళ్ళలాగా. తల్లి రక్తంలో ఎంత చక్కెర ఉంటే దాదాపు అందులో 70, 80 శాతం బిడ్డ రక్తంలో ఉంటుంది. బొడ్డుతాడు కోయగానే కాలువ మూసేసినట్టే. అక్కడి నుంచి బిడ్డ తన సొంత కుంటలో నీళ్ళు వాడుకోవాలి. ఆ కుంట కాలేయం. అందులో గ్లైకోజెన్ అనే రూపంలో చక్కెర దాచి ఉంటుంది. మామూలు బిడ్డకు కూడా పుట్టిన ఒకటి రెండు గంటల్లో చక్కెర కిందికి దిగి, మళ్ళీ దానంతటదే లేస్తుంది. కుంట నిండుగా ఉంటే పాలు అందేదాకా నెట్టుకొస్తుంది.

మీ పాప విషయంలో కాన్పు జరిగేటప్పుడే ఆ కుంటకు గండి పడింది. ఆక్సిజన్ ఉంటే ఒక్క గ్లూకోజ్ అణువు నుంచి కణానికి ముప్పైకి పైగా ఏటీపీలు వస్తాయి (ఏటీపీ అంటే కణం వాడుకునే శక్తి, చేతిఖర్చు డబ్బు అనుకోండి). ఆక్సిజన్ లేకపోతే అదే గ్లూకోజ్ నుంచి రెండే వస్తాయి. అంటే బతకడానికి కావలసిన శక్తి కోసం పదిహేనింతలు చక్కెర తగలబెట్టాలి. పది, పన్నెండు గంటలు రావలసిన నిల్వ ఊపిరాడని ఆ కాసేపట్లోనే ఖర్చయిపోతుంది. మిగిలేది లాక్టిక్ యాసిడ్. రక్తం పులిసిపోయిందని, అసిడోసిస్ అని డాక్టర్లు అనేది దాన్నే.

ఇంకో చిక్కు ఉంది. పుట్టిన మొదటి అరగంట, గంటలో చూస్తే ఇలాంటి బిడ్డకు షుగర్ ఎక్కువగా కూడా కనిపించొచ్చు, 180, 200 అలా. భయానికి శరీరం అడ్రినలిన్ వదిలి, ఉన్న నిల్వనంతా రక్తంలోకి తోసేస్తుంది. ఆ నంబరు చూసి "షుగర్ బాగుంది కదా" అని తీరిగ్గా కూర్చుంటే మూడో గంటకల్లా 30కి వచ్చేస్తుంది. 108లో ఎక్కేటప్పుడు 140 ఉన్న బిడ్డ కర్నూలు చేరేసరికి 26 చూపించడం నాకు కొత్త కాదు. దారిలో చలి తగిలితే ఇంకా తొందరగా పడుతుంది, ఒంటిని వెచ్చగా ఉంచుకోవడానికి కూడా చక్కెరే ఖర్చు కావాలి కదా. కొందరు పిల్లల్లో దీనికి తోడు ఇన్సులిన్ కూడా అవసరానికి మించి ఊరుతుంది. అది కొన్ని రోజులు, ఒక్కోసారి కొన్ని వారాలు ఉంటుంది. అలాంటివాళ్ళకు గ్లూకోజ్ ఎంత ఎక్కించినా చాలదు, మందు వేరే పెట్టాల్సి వస్తుంది. వాళ్ళ మెదడుకు ఇంకో నష్టం ఏమిటంటే, చక్కెర లేనప్పుడు ప్రత్యామ్నాయంగా పనికొచ్చే కీటోన్లను (కొవ్వు కరిగి వచ్చే ఇంధనం) కూడా ఇన్సులిన్ తయారు కానివ్వదు.

మడమ మీద సూదితో గుచ్చీ గుచ్చీ చూస్తున్నారని మీ అక్క ఏడుస్తోందేమో. ఆ పని ఎలా చేస్తారో చెబుతాను, చూసినప్పుడు మీకే అర్థమవుతుంది. సిస్టర్ ముందు పాప పాదాన్ని తన అరచేతిలో కాసేపు పట్టుకుని వెచ్చబెడుతుంది. స్పిరిట్ రాసి, అది ఆరేదాకా ఆగుతుంది. ఆరకముందే గుచ్చితే చుక్కలో స్పిరిట్ కలిసి నంబరు తప్పొస్తుంది. మడమ మధ్యలో కాదు, పక్కన గుచ్చుతుంది, మధ్యలో ఎముక దగ్గరగా ఉంటుంది. మొదటి చుక్క దూదితో తుడిచేస్తుంది. రెండో చుక్క దానంతటదే ఊరి స్ట్రిప్పుకు తగలాలి. పిండకూడదు. పిండితే కణాలు చితికి, లోపలి నీరు కలుస్తుంది. ఇది అంతా నిమిషం పని. మొదటి రోజు రెండు మూడు గంటలకొకసారి, షుగర్ పడిపోయాక అయితే అరగంటకొకసారి చూస్తారు. వాళ్ళను వద్దనొద్దు.

మన దగ్గర సాధారణంగా షుగర్ డెసిలీటరుకు 40 మిల్లీగ్రాముల కన్నా తక్కువైతే వైద్యం మొదలుపెడతారు. కొన్నిచోట్ల 45 గీత పెట్టుకుంటారు. ఈ గీత మీద పిల్లల డాక్టర్లలో వాదన ఉంది. నా మటుకు నేను పుట్టగానే ఏడవని బిడ్డ విషయంలో 50 కన్నా కిందికి దిగనివ్వను. దెబ్బతిన్న మెదడుకు మామూలు మెదడుకు ఉన్నంత ఓపిక ఉండదు. అలాగని 150 దాటినా మంచిది కాదు. ఊపిరాడక మెదడు దెబ్బతిన్న పిల్లల్లో షుగర్ 40 కిందికి పోయినా, 150 పైకి పోయినా రెండు గుంపుల్లోనూ తర్వాత ఇబ్బందులు ఎక్కువగా కనిపించాయి. అందుకే మధ్యలో పట్టుకుని ఉండాలి. చెప్పినంత సులభం కాదది.

నాకు ఈ పాఠం ఒక రాత్రి బాగా తగిలింది. అప్పట్లో ఒక ఆసుపత్రిలో (పేరు వద్దు) జూనియర్‌ని. అర్ధరాత్రి ఒక బిడ్డ వణుకుతోందని పిలిచారు. స్ట్రిప్పులు అయిపోయాయి. రక్తం మామూలు సీసాలో తీసి అటెండర్ చేతికిచ్చి ల్యాబుకు పంపాను. ల్యాబు ఆ చివర. ఫలితం రెండు గంటలకు వచ్చింది, 22. గుండె జారిపోయింది. చేతికందిన 25 శాతం డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్ నీళ్ళే) సిరంజి నిండా లాగి గబగబా నెట్టేశాను. అరగంటకు ఎవరో పక్క వార్డు నుంచి స్ట్రిప్పులు తెస్తే చూశాం, 260. అమ్మయ్య అనుకున్నాను. ఇంకో గంటకు 28.

ఒక్క రాత్రిలో రెండు తప్పులు. మొదటిది, సీసాలో నిలబడిన రక్తంలో కూడా ఎర్రకణాలు చక్కెర తింటూనే ఉంటాయి, అందుకే రెండు గంటల తర్వాత వచ్చిన 22 నిజంగా 22 కాదు, ఇంకా ఎక్కువే ఉండి ఉంటుంది. ఫ్లోరైడ్ ఉన్న బూడిదరంగు మూత సీసాలో తీసి వెంటనే పంపాలి. రెండోది, గాఢమైన గ్లూకోజ్ ఒక్కసారి తోస్తే షుగర్ ఎగిరిపోతుంది, దాన్ని చూసి ఇన్సులిన్ ఊరుతుంది, ఆ ఇన్సులిన్ మళ్ళీ షుగర్‌ను పాతాళానికి తోస్తుంది. ఇప్పుడు పద్ధతి వేరు. లక్షణాలుంటే 10 శాతం డెక్స్‌ట్రోజ్ కిలోకు 2 మిల్లీలీటర్లు, మీ పాప బరువుకు అయిదున్నర మిల్లీలీటర్లు, నిదానంగా ఇస్తారు. ఇచ్చి ఊరుకోకూడదు, వెంటనే వెనకాలే డ్రిప్ నడవాలి. వెనక డ్రిప్ లేని బోలస్ (ఒక్క విడతలో ఇచ్చే మోతాదు) ఇవ్వకపోయినా ఒకటే అని నేను హౌస్ సర్జన్లకు చెబుతుంటాను.

స్ట్రిప్పుల గురించి ఒక పక్కమాట. ఏప్రిల్, మే నెలల్లో మన కర్నూలు ఎండ తెలిసిందే. స్ట్రిప్పుల డబ్బా మూత తీసిపెట్టినా, కిటికీ పక్క వేడిలో ఉంచినా నంబర్లు తప్పు చెబుతాయి. గ్లూకోమీటరు నంబరుకూ ల్యాబు నంబరుకూ ఎలాగూ కొంత తేడా ఉంటుంది. తక్కువ ప్రాంతంలోనే దానికి నిలకడ తక్కువ. అందుకే అనుమానం వస్తే ల్యాబుకు కూడా పంపుతారు, కానీ వైద్యం మాత్రం ల్యాబు కోసం ఆగదు.

కాల్షియం రెండో రోజు పడింది కదా, అదీ లెక్కప్రకారమే. కడుపులో మాయ కాల్షియాన్ని బిడ్డ వైపు తోడుతూ ఉంటుంది, బిడ్డ రక్తంలో తల్లి కన్నా ఎక్కువే ఉంటుంది. పుట్టాక ఆ తోడడం ఆగిపోతుంది. మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు నిద్ర లేచి పని అందుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డలో కూడా 24 నుంచి 48 గంటల మధ్య కాల్షియం అడుగుకు దిగుతుంది. ఊపిరాడని బిడ్డలో ఇంకా కిందికి పోతుంది: పాలు ఆలస్యం, చితికిన కణాల నుంచి ఫాస్ఫేట్ బయటికి రావడం, కాల్షియాన్ని తగ్గించే కాల్సిటోనిన్ ఎక్కువ ఊరడం, కిడ్నీ మందగించడం, ఇవన్నీ కలుస్తాయి. నెలలు నిండిన బిడ్డకు 8 కన్నా తక్కువైతే తక్కువ కింద లెక్క. మీ పాపది 6.4 కాబట్టి ఇవ్వాల్సిందే.

కాల్షియం గ్లూకోనేట్ ఇచ్చేటప్పుడు సిస్టర్ కళ్ళు మానిటర్ మీదే ఉంటాయి. మందుకు సమానంగా డెక్స్‌ట్రోజ్ కలిపి పది నిమిషాలు పట్టేలా ఇస్తారు. గుండె వేగం వందకు తగ్గితే సిరంజి ఆపేస్తారు. ఇంకో భయం, సూది నరంలో నుంచి జారి మందు బయట కండలోకి పోతే ఆ చోట చర్మం కుళ్ళి ఊడుతుంది. అందుకని పాప చేతికి కట్టిన పలక, ప్లాస్టర్ కదపకండి. ముట్టుకోవాలనిపిస్తే ఇంకో చేయి ముట్టుకోండి.

కాల్షియం ఎంత ఇచ్చినా లేవకపోతే మెగ్నీషియం చూడాలి. అది తక్కువగా ఉంటే కాల్షియం లేవనే లేవదు. చిత్రమేమిటంటే తల్లికి బీపీ ఎక్కువై ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చి ఉంటే బిడ్డలో అది ఎక్కువగా ఉంటుంది, బిడ్డ మెత్తగా గుడ్డపీలికలా పడి ఉంటుంది. మీ అక్కకు కాన్పుకు ముందు ఆ ఇంజక్షన్లు ఇచ్చారేమో, ఇచ్చి ఉంటే ఎస్‌ఎన్‌సీయూ డాక్టరుకు ఆ కాగితం చూపించండి. ఊరి ఆసుపత్రి నుంచి ఇక్కడికి వచ్చే రెఫరల్ చీటీల్లో ఇది చాలాసార్లు రాయరు.

షుగర్ పడినా, కాల్షియం పడినా పాప చేతులు, గడ్డం వణుకుతాయి. ఫిట్స్ వచ్చినా కదులుతాయి. బయటివాళ్ళకు రెండూ ఒకటే. తేడా తెలుసుకోవడానికి మేం చేసే పని చాలా చిన్నది: ఆ చేయిని మెల్లగా పట్టుకుంటాం. ఆగిపోతే అది వణుకు. మన పట్టులో కూడా లయగా కొట్టుకుంటూనే ఉంటే, కళ్ళు ఒక పక్కకు నిలిచిపోయి ఉంటే, నోరు చప్పరిస్తున్నట్టు ఆడుతూ ఉంటే, అది ఫిట్స్. వణుకైనా, ఫిట్స్ అయినా మొదట చూసేది షుగరే. ఊపిరాడని బిడ్డకు మొదటి రోజులోనే మెదడు దెబ్బ వల్ల కూడా ఫిట్స్ వస్తాయి. "ఎలాగూ అదే కదా" అని షుగర్, కాల్షియం చూడకుండా ఫిట్స్ మందు ఒక్కటే ఇవ్వడం పెద్ద పొరపాటు. మందు ఇస్తే చేయి కదలడం ఆగుతుంది, మెదడు ఆకలి మాత్రం ఆగదు.

ఇప్పుడు మీ ఇవాళ్టి సమస్య, సోడియం. మామూలుగా 135 నుంచి 145 ఉండాలి. 124 అంటే తక్కువే. ఇక్కడే అందరూ తప్పు దారి పడతారు. ఉప్పు తగ్గిందంటే ఉప్పు పోయిందనుకుంటారు. చాలాసార్లు పోదు. గిన్నెడు మజ్జిగలో చెంబు నీళ్ళు ఎక్కువ పోస్తే ఉప్పు చప్పబడుతుంది కదా, ఉప్పు అంతే ఉంది, నీళ్ళు ఎక్కువయ్యాయి. మీ పాప ఒంట్లో జరిగింది చాలావరకు అదే అయ్యుంటుంది.

నీళ్ళు ఎందుకు ఎక్కువయ్యాయంటే రెండు దారులు. ఊపిరాడనప్పుడు శరీరం తెలివిగా ఒక పని చేస్తుంది, ఉన్న కొద్ది రక్తాన్ని మెదడుకు, గుండెకు మళ్ళించి కిడ్నీ, పేగు, చర్మం వాటాలు కోసేస్తుంది. ప్రాణం నిలబడుతుంది, కిడ్నీ దెబ్బతింటుంది. మూత్రం తగ్గుతుంది. రెండోది, దెబ్బతిన్న మెదడు ఏడీహెచ్ అనే హార్మోన్‌ను అదుపు లేకుండా వదులుతుంది. నీళ్ళు బయటికి పోనివ్వకు అని కిడ్నీకి అదిచ్చే ఆజ్ఞ. లోపలికి డ్రిప్ వెళుతూనే ఉంటుంది, బయటికి దారి లేదు.

ఇది తెలియాలంటే ల్యాబు కన్నా తక్కెడ బాగా చెబుతుంది. పుట్టిన బిడ్డ మొదటి రోజుల్లో రోజూ కొంచెం కొంచెం బరువు తగ్గాలి, వారంలో పది శాతం దాకా తగ్గడం మామూలే. "బరువు తగ్గిందంట" అని మీరు దిగులుపడతారు, మేం సంతోషపడతాం. మీ పాప పుట్టినప్పుడు 2.8. ఇవాళ 2.65, 2.7 ఉంటే సరే. అలా కాకుండా 2.92 ఉంటే, ఆ పెరిగిన 120 గ్రాములు కండ కాదు, కొవ్వు కాదు, దాదాపు 120 మిల్లీలీటర్ల నీళ్ళు. కనురెప్పలు ఉబ్బి ఉంటాయి. డైపర్ పారేయకుండా సిస్టర్ తూచి రాస్తోందంటే మూత్రం లెక్కకోసమే. కిలోకు గంటకు ఒక మిల్లీలీటరు, మీ పాపకు గంటకు దాదాపు మూడు, కనీసం రావాలి.

నీళ్ళు ఎక్కువై సోడియం తగ్గితే వైద్యం ఉప్పు కాదు, నీళ్ళు తగ్గించడం. ఇంతదాకా సులభమే. అసలు ముడి ఇప్పుడు పడుతుంది, నన్ను ఇన్నేళ్ళుగా రాత్రిళ్ళు మేలుకోబెట్టింది కూడా ఇదే. మనం ఎక్కించే నీళ్ళలోనే కదా చక్కెర ఉన్నది. నీళ్ళు కోస్తే చక్కెర కూడా తగ్గిపోతుంది. మీ పాప బరువుకే లెక్క వేసి చూద్దాం. రోజుకు కిలోకు 60 మిల్లీలీటర్లు అంటే 168, గంటకు 7 మిల్లీలీటర్లు. 10 శాతం డెక్స్‌ట్రోజ్ అయితే కిలోకు నిమిషానికి 4.2 మిల్లీగ్రాముల చక్కెర అందుతుంది. బిడ్డ మామూలుగా వాడుకునేది 4 నుంచి 6. అంచు మీద ఉన్నాం. ఇప్పుడు వాపు చూసి నీళ్ళను 40కి కోశామనుకోండి, గంటకు 4.7 మిల్లీలీటర్లు, చక్కెర 2.8కి దిగిపోతుంది. సోడియం బాగుచేయబోయి తెల్లారేసరికి షుగర్ పోగొట్టుకుంటాం. అందుకే నీళ్ళు కోసేటప్పుడు గాఢత పెంచాలి. అవే 40 మిల్లీలీటర్లలో 15 శాతం డెక్స్‌ట్రోజ్ పెడితే మళ్ళీ 4.2 వస్తుంది. కానీ 12.5 శాతం దాటితే చేతి నరం తట్టుకోదు, మండి వాచిపోతుంది, బొడ్డు నరంలో ట్యూబు వేయాలి. మీకు "బొడ్డులో పైపు వేశారు" అని కనిపించి కంగారుపడితే, కారణం ఇదే కావచ్చు.

ఊపిరాడని ప్రతి బిడ్డకూ నీళ్ళు మొదటి రోజు నుంచే మూడో వంతు కోసేయాలని మాకు చదువుకునేటప్పుడు చెప్పేవారు. అలా గుడ్డిగా కోయడం నాకిప్పుడు ఇష్టం లేదు. బరువు, మూత్రం, సోడియం మూడూ చూసి కోయాలి. బీపీ తక్కువగా ఉన్న బిడ్డకు నీళ్ళు కోస్తే కిడ్నీ ఇంకా ఎండుతుంది.

సోడియం 120 కన్నా కిందికి పోయినా, దానివల్ల ఫిట్స్ వచ్చినా అప్పుడు 3 శాతం సెలైన్ (గాఢమైన ఉప్పు ద్రావణం) ఇస్తారు. అదీ కొలిచి, నిదానంగా. రోజులో 8, 10 పాయింట్ల కన్నా ఎక్కువ లేపకూడదు, గబుక్కున లేస్తే మెదడు కణాలు నీరు కోల్పోయి కుంచించుకుపోతాయి. కాబట్టి రేపు పొద్దున 128 అంటే "ఇంతేనా" అనుకోకండి. నిదానంగా లేవడమే మనకు కావలసింది. మీ అవ్వ చేతి ఉప్పునీళ్ళు ఎందుకు వద్దన్నానో ఇప్పుడు తెలిసిందనుకుంటాను, అందులో ఉప్పు ఎంతో ఎవరికీ తెలియదు, నీళ్ళు మాత్రం ఖాయం.

పొటాషియం గురించి మీరు అడగలేదు, ఎవరైనా చెబితే భయపడకుండా ఉండడానికి రెండు ముక్కలు. మూత్రం సరిగా రాకపోతే, కణాలు చితికితే అది పెరుగుతుంది, బాగా పెరిగితే గుండె లయ తప్పుతుంది. అందుకే మూత్రం ధారాళంగా వచ్చేదాకా డ్రిప్‌లో పొటాషియం కలపరు. అయితే మడమ పిండి తీసిన రక్తంలో ఎర్రకణాలు పగిలి పొటాషియం అబద్ధపు 7, 8 చూపించడం చాలా మామూలు. ఈసీజీ బాగుండి, పాప బాగుంటే నరం నుంచి మళ్ళీ రక్తం తీసి చూస్తారు.

రోజుకొకటి చెబుతున్నారన్నారు. చూశారు కదా, ఇవి మూడు జబ్బులు కావు. ఊపిరాడని ఆ కొద్ది నిమిషాల దెబ్బే ఒక్కోచోట ఒక్కో వేళకు బయటపడుతోంది. చక్కెర గంటల్లో, కాల్షియం ఒకటిన్నర రోజుకు, సోడియం రెండో మూడో రోజుకు. డాక్టర్లు మాట మార్చడం లేదు. ఈ మూడింటిలో ఏది ఎప్పుడు పడుతుందో వాళ్ళకు ముందే తెలుసు, దానికోసమే కాచుకుని ఉంటారు. కిడ్నీ నాలుగో, అయిదో రోజుకు తేరుకుంటే మూత్రం ఒక్కసారిగా ఎక్కువ రావడం కూడా చూస్తారు, అప్పుడు సోడియం మూత్రంలో కొట్టుకుపోయి మళ్ళీ తగ్గొచ్చు. అప్పుడు మాత్రం నిజంగానే ఉప్పు ఇవ్వాలి. అదే నంబరు, వైద్యం తలకిందులు.

పాలు. పేగుకు కూడా రక్తం తగ్గింది కదా, అందుకే తొందరపడరు. పొట్ట మెత్తగా ఉండి, బీపీ నిలబడితే ముక్కులో సన్న ట్యూబు ద్వారా కొంచెం కొంచెం మొదలుపెడతారు, రోజంతా కలిపి కిలోకు 10, 20 మిల్లీలీటర్లు. అవి మీ అక్క పాలే అయితే అంతకన్నా మంచిది లేదు. మీరు చేయగలిగిన పని ఇక్కడ ఉంది: పాప నోట్లో పెట్టకపోయినా మీ అక్క రెండు మూడు గంటలకొకసారి, రాత్రి కూడా, చేత్తో పాలు పిండాలి. మొదట పసుపుపచ్చని ముర్రుపాలు నాలుగు చుక్కలే వస్తాయి. "పాలు పడలేదు" అని వదిలేస్తే వారం తర్వాత పాప తాగగలిగేసరికి నిజంగానే ఉండవు. కుట్ల నొప్పి ఉంటే పక్కకు తిరిగి పడుకుని పిండొచ్చు.

హైదరాబాద్ మాట. నాలుగు గంటల రోడ్డు. సోడియం 124 ఉన్న బిడ్డను, డ్రిప్ గంటకు మిల్లీలీటర్లలో నడుస్తున్న బిడ్డను అలా తిప్పడంలో లాభం నాకు కనబడదు. అక్కడ ఇచ్చే డెక్స్‌ట్రోజ్, కాల్షియం ఇక్కడివే. బిడ్డను చల్లబరిచే వైద్యం అక్కడ ఉందని ఎవరో చెప్పి ఉంటారు. దాన్ని పుట్టిన ఆరు గంటల లోపే మొదలుపెట్టాలి, ఒంటి వేడిని 33.5 డిగ్రీల దగ్గర 72 గంటలు ఉంచుతారు. మీకు ఆ గడువు దాటిపోయింది, ఆ విషయంలో బాధపడకండి. మన దేశంలో, శ్రీలంకలో, బంగ్లాదేశ్‌లో 408 మంది పిల్లల మీద చేసిన హెలిక్స్ అనే పరిశోధన 2021లో వచ్చింది. చల్లబరిచిన వాళ్ళలో మేలు కనబడకపోగా మరణాలు 42 శాతం, చల్లబరచని వాళ్ళలో 31 శాతం. అప్పటి నుంచి నేను దాని పేరెత్తడమే తగ్గించాను. వెంటిలేటర్ అవసరమైనా, డయాలసిస్ మాట వచ్చినా డాక్టర్లే చెబుతారు, అప్పుడు ఆలోచించండి. డబ్బు భయమైతే, ప్రభుత్వ ఆసుపత్రిలో పసిబిడ్డ వైద్యం, మందులు, పరీక్షలు, రెఫర్ చేస్తే వాహనం కూడా 2011 నుంచి జననీ శిశు సురక్ష కింద ఉచితం.

చివరికి మీరు గట్టిగా అడగలేకపోయిన ప్రశ్న, మెదడు. నిజం చెబుతాను. షుగర్ 32 నుంచి 70కి లేచింది కాబట్టి పాప బాగున్నట్టే అని గానీ, సోడియం తగ్గింది కాబట్టి పాప పోయినట్టే అని గానీ అనుకోకండి. ఊపిరాడనప్పుడు తగిలిన దెబ్బ తగిలేసింది, దాన్ని ఈ సీసాలు వెనక్కి తీసుకురాలేవు. ఇవి చేసేది దాని మీద రెండో దెబ్బ పడకుండా చూడడం. దెబ్బ ఎంతో చెప్పడానికి మేం పాప తీరును చూస్తాం: మెలకువ, ఒంటి బిగువు, చప్పరింపు, ఫిట్స్. 1976 నుంచి శార్నాట్ స్టేజి అని మూడు మెట్లుగా రాస్తారు. మొదటి మెట్టు పిల్లలు దాదాపు అందరూ బాగుంటారు. మూడో మెట్టు కష్టం. రెండో మెట్టులో ఉన్నవాళ్ళ గురించే ఎవరూ మాట ఇవ్వలేరు, వాళ్ళలో వారం లోపల చక్కగా పాలు చప్పరించే స్థితికి వచ్చిన పిల్లల మీద నాకు నమ్మకం ఎక్కువ. మీ పాప ఏ మెట్టో డాక్టరును అడగండి, చెబుతారు.

ఇంటికి పంపేటప్పుడు డిశ్చార్జి కాగితంలో షుగర్ అన్నిటికన్నా తక్కువ ఎంత, ఎన్ని గంటలు ఉంది అని రాయించుకోండి. ఎక్కువసేపు తగ్గి ఉంటే తల వెనక భాగం, చూపుకు సంబంధించిన మెదడు, ముందు దెబ్బతింటుంది. మూడు నెలలకు పాప ముఖం చూసి నవ్వుతుందా, కదిలే ఎర్రబంతిని కళ్ళతో వెంబడిస్తుందా అని చూడాలి. వినికిడి పరీక్ష కూడా చేయించాలి. జిల్లా ఆసుపత్రుల్లో డీఈఐసీ అనే విభాగం (పిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా పట్టుకునే కేంద్రం) ఉంటుంది, తల చుట్టుకొలత, మెడ నిలవడం, కూర్చోవడం వాళ్ళు కొలుస్తూ ఉంటారు. పత్తి తీతలకో, మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికో ఇంట్లోవాళ్ళు వెళ్ళే రోజుల్లోనే ఈ తారీఖులు తప్పిపోతుంటాయి. కాగితం మీ దగ్గర పెట్టుకోండి.

రేపు పొద్దున రౌండ్స్ అయ్యాక మూడే అడగండి: బరువు ఎంత, రాత్రంతా మూత్రం ఎంత, షుగర్ ఎంత. సోడియం ఆ తర్వాత. అడిగేటప్పుడు మీ అక్కను కూడా తీసుకెళ్ళండి, వార్డులో వీల్‌చెయిర్ అడిగితే ఇస్తారు. ఆమె ఇంకా పాపను చూడలేదని మీ మాటల్లో అనిపించింది. చేతులు మోచేతిదాకా కడుక్కుని, డ్రిప్ లేని వైపు నిలబడి, పాప అరికాలు మీద వేలు పెట్టొచ్చు. సిస్టర్‌ను అడిగి.